నీరు పల్లమెరుగు

పల్నాటి సీమలో మాచర్లకు సమీపాన, నాగార్జునసాగర్‌కు సుమారు పదకొండు కిలోమీటర్ల దూరంలో ఎత్తిపోతల జలపాతం ఉంది. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు అనే మూడు ప్రవాహాలు అక్కడ ఏకమై, దాదాపు డెబ్బై అడుగుల ఎత్తు నుండి లోయలోకి దూకి, కొంత దూరం సాగి కృష్ణలో కలుస్తాయి. పూర్వం యతులు తపస్సు చేసిన తావు కాబట్టి ‘యతి తపస్థలి’ అనే పేరే కాలక్రమాన ‘ఎత్తిపోతల’ అయిందని స్థానికులు చెప్పుకొంటారు. ఆ వ్యుత్పత్తి మాట ఎలా ఉన్నా, తెలుగు రైతుకు ‘ఎత్తిపోతల’ అనగానే స్ఫురించే అర్థం వేరు. పల్లంలోని నీటిని ఎత్తి మెరక మీద పోయడమే ఎత్తిపోత. ఏతాముతో, మోటతో మొదలైన ఆ పని ఈనాడు భారీ విద్యుత్ పంపుల దాకా వచ్చింది. ఈ విధంగా ఒకే పేరులో రెండు భిన్నమైన గమనాలు ఇమిడి ఉన్నాయి. జలపాతంలో నీరు తనంత తాను కిందికి దూకుతుంది. ఎత్తిపోతల పథకంలో నీటిని మనిషి పూనికతో పైకి చేరుస్తాడు.

‘నీరు పల్లమెరుగు’ అన్నది తెలుగువారి సామెత. పెట్టుబడి స్వభావం కూడా ఇంచుమించు ఇటువంటిదే. అది లాభమనే పల్లాన్ని వెదుక్కొంటూ పోతుంది. అందులో తప్పుపట్టవలసినది ఏమీ లేదు. అయితే మెరక భూములు కూడా పండాలంటే పల్లమెరిగిన నీటిని మాత్రమే నమ్ముకొంటే చాలదు. ఎవరో ఒకరు పూనుకొని దానిని ఎత్తి పోయాలి. అభివృద్ధి చెందుతున్న దేశంలో దూరసంచార సంస్థల మధ్య పోటీని, ఆ పోటీకి ఆధారమైన డిజిటల్ మౌలిక సదుపాయాలను అర్థం చేసుకోవడానికి ఈ చిన్న సత్యం ఎంతగానో ఉపకరిస్తుంది.

డిజిటల్ మౌలిక సదుపాయాలంటే చేతిలోని సెల్‌ఫోన్ మాత్రమే కాదు. ఊరి చివర కనిపించే టవరు మాత్రమే కూడా కాదు. టవరు తుది మెట్టు. దాని వెనుక భూగర్భంలోనో, స్తంభాల మీదనో సాగే ఆప్టికల్ ఫైబర్ తీగ ఉంటుంది. ఆ తీగ మండల కేంద్రానికి, అక్కడి నుండి నగరానికి, నగరం నుండి సముద్రగర్భంలోని కేబుళ్ల ద్వారా ప్రపంచానికి కలుస్తుంది. గాలిలో సంకేతాలను మోసే విద్యుదయస్కాంత తరంగాల శ్రేణిని స్పెక్ట్రమ్ అంటారు. అది జాతి సంపద. ప్రభుత్వం దానిని వేలం వేసి సంస్థలకు నిర్ణీత కాలానికి అప్పగిస్తుంది. నాగార్జునసాగర్ కుడి కాలువను చూచిన పల్నాటి విద్యార్థికి ఈ అమరిక కొత్త కాదు. జలాశయం, ప్రధాన కాలువ, మేజర్లు, మైనర్లు, చివరకు పొలంలోకి నీరు తెచ్చే పిల్లకాలువ ఎలాగో ఇవీ అలాగే. పిల్లకాలువ ఎంత చక్కగా తవ్వినా ప్రధాన కాలువలో నీరు లేకపోతే ప్రయోజనం ఉండదు. ఫైబర్ చేరని చోట టవరు స్థితి కూడా అటువంటిదే.

మన దేశంలో ఈ రంగం శతాబ్దానికి పైగా ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉండిపోయింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం తీగ మీద సాగే వార్తపై సర్వాధికారాన్ని ప్రభుత్వానికే కట్టబెట్టింది. స్వాతంత్ర్యానంతరం కూడా టెలిఫోన్ విలాస వస్తువుగానే పరిగణింపబడింది. దరఖాస్తు పెట్టుకొన్న కుటుంబాలు సంవత్సరాల తరబడి వేచి ఉండవలసివచ్చేది. 1984లో ఏర్పడిన సి-డాట్ సంస్థ మన పల్లెల వేడిమికీ, ధూళికీ తట్టుకొనే చిన్న గ్రామీణ ఎక్స్‌ఛేంజీలను స్వదేశీ పరిజ్ఞానంతో రూపొందించింది. ఆ తరువాతనే బజారు కూడళ్లలో ఎస్.టి.డి. బూత్‌లు వెలిశాయి. రాత్రి వేళ తగ్గింపు రేట్ల కోసం జనం వరుసలో నిలబడిన ఆ రోజులు నేటి యువతరానికి కథలా తోచవచ్చు.

1994 నాటి జాతీయ టెలికాం విధానం ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరిచింది. 1995 జూలై 31న కలకత్తా నుండి ఢిల్లీకి దేశంలో తొలి మొబైల్ సంభాషణ జరిగింది. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో టాటా సెల్యులార్, జె.టి. మొబైల్స్ అనే రెండు సంస్థలు తొలి అనుమతులు పొందాయి. కాలక్రమంలో మొదటిది ఐడియాలోను, రెండవది ఎయిర్‌టెల్‌లోను లీనమయ్యాయి. తొలినాళ్లలో రద్దీ వేళ ఒక నిమిషం మాట్లాడితే పదహారు రూపాయలు దాటేది. వచ్చిన పిలుపుకు కూడా డబ్బు చెల్లించవలసివచ్చేది. రంగంలో ఇద్దరే ఉన్నప్పుడు ధర దిగివచ్చే అవసరం అంతగా ఉండదు. 1997లో నియంత్రణ సంస్థ ‘ట్రాయ్’ ఏర్పడింది. 1999లో కొత్త విధానం వచ్చి, సంస్థలు భారీ లైసెన్సు రుసుముకు బదులు రాబడిలో వాటా చెల్లించే పద్ధతి అమలయింది. 2000 అక్టోబరు 1న ప్రభుత్వ శాఖ బి.ఎస్.ఎన్.ఎల్. సంస్థగా మారి, 2002లో మొబైల్ రంగంలో ప్రవేశించింది. 2003లో వచ్చే పిలుపులు ఉచితమయ్యాయి. 2011 జనవరిలో నంబరు మారకుండానే సంస్థను మార్చుకొనే హక్కు దేశమంతటా వినియోగదారుడికి లభించింది. 2016 సెప్టెంబరు 5న జియో రంగప్రవేశం చేసింది. 2014లో ఒక జి.బి. డేటాకు సగటున 269 రూపాయలుండగా, 2020 దశకం ఆరంభానికి అది పది రూపాయల సమీపానికి దిగివచ్చింది.

పోటీ సాధించిన ఈ ఘనతను తక్కువ చేసి చూడడం కృతఘ్నత అవుతుంది. గుంటూరు మిర్చి యార్డులో ఆనాటి ధర ఎంతో కారెంపూడి రైతు బస్సెక్కకుండానే తెలుసుకొంటున్నాడు. కూలి డబ్బు ఖాతాలో జమ అయిన సంగతి దుర్గి మండలంలోని శ్రామికురాలికి సందేశంగా చేరుతున్నది. 2016 నుండి విస్తరించిన యు.పి.ఐ. చెల్లింపులు సంతలోని కూరగాయల గంప దాకా వచ్చాయి. ఒకప్పుడు ధనవంతుల ఇంటికే పరిమితమైన సాధనం పశువుల కాపరి చేతికి కూడా అందిందంటే, దానికి సంస్థల మధ్య జరిగిన స్పర్ధ ప్రధాన కారణం.

అయినప్పటికీ ఈ జలపాతపు హోరులో వినబడని మాటలు కొన్ని ఉన్నాయి. 2024 నాటికి పట్టణాలలో నూరుగురికి నూట ముప్పైకి పైగా టెలిఫోన్ కనెక్షన్లుండగా, గ్రామాలలో ఆ సంఖ్య అరవైకి లోపే నిలిచిపోయింది. పట్టణంలో ఒకే మనిషి వద్ద రెండు సిమ్ కార్డులుండడం అందుకు కొంత కారణమే. కానీ అసలు కారణం లెక్కలోనే ఉన్నది. ఒక టవరును నిలబెట్టడానికి, దానికి విద్యుత్తు, బ్యాటరీలు, జనరేటరు, ఫైబర్ సమకూర్చడానికి అయ్యే వ్యయం నరసరావుపేటలోనైనా, నల్లమల అంచు తండాలోనైనా పెద్దగా మారదు. తండాలో ఇంకా హెచ్చవుతుంది కూడా. కానీ నరసరావుపేట టవరు కింద వేలమంది ఉంటారు. తండా టవరు కింద కొన్ని వందల మంది మాత్రమే ఉంటారు. వ్యయం నేలను బట్టి, ఆదాయం జనాన్ని బట్టి ఏర్పడుతున్నప్పుడు ఏ వ్యాపారి అయినా మొదట ఎక్కడికి పోతాడో ఊహించడం కష్టం కాదు.

దీనికి ప్రకృతి కూడా తోడవుతుంది. హెచ్చు పౌనఃపున్యం గల తరంగాలు ఎక్కువ సమాచారాన్ని మోయగలవు, కానీ ఎక్కువ దూరం పోలేవు. కొండ అడ్డమైతే ఆగిపోతాయి. తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు దూరం పోగలవు, కానీ తక్కువ సమాచారాన్నే మోయగలవు. చదునైన డెల్టాలో ఒక టవరు చేసే పనికి, గుట్టలూ లోయలూ గల బొల్లాపల్లి, వెల్దుర్తి వంటి ప్రాంతాలలో అంతకంటె ఎక్కువ టవర్లు కావాలి. అటవీ భూమిలో తీగ పరచడానికి అనుమతులు వేరు. కాబట్టి మెరకలో నిలిచిన పల్లెకు సేవ అందకపోవడం ఏ ఒక్క సంస్థ దుర్మార్గమో కాదు. పోటీ అనే శక్తి స్వభావమే అంత.

2020లో కరోనా మహమ్మారి బడులను మూసివేసినప్పుడు ఈ సత్యం అందరికీ కనువిప్పు కలిగించింది. పాఠం ఫోనులోకి వచ్చింది. ఫోను ఉన్న ఇంట కూడా సిగ్నల్ లేకపోతే పాఠం లేదు. అదే తరగతికి, అదే పరీక్షకు, అదే ర్యాంకుకు పోటీపడే ఇద్దరు విద్యార్థులలో ఒకరు గదిలో కూర్చుని విన్నారు. మరొకరు సిగ్నల్ కోసం మిద్దెలు, గుట్టలు ఎక్కవలసివచ్చింది. నేడు ప్రవేశ పరీక్షల దరఖాస్తు, కౌన్సెలింగ్, ఉపకార వేతనం, ధ్రువీకరణ పత్రం అన్నీ ఆన్‌లైన్‌లోనే సాగుతున్నాయి. సంస్థల పోటీ ఫలితం అందని చోట విద్యార్థుల పోటీ కూడా సమానం కాజాలదు. ఈ సమస్యలో పణంగా ఉన్నది కంపెనీల లాభనష్టాలు కావు. ఒక తరానికి దక్కవలసిన సమాన అవకాశం.

పోటీకి మరొక ప్రమాదం కూడా ఉన్నది. అది హద్దు మీరితే తన్ను తానే హరించుకొంటుంది. ఈ పాఠం పల్నాటికి ఎనిమిది శతాబ్దాల నాడే తెలుసు. గురజాల, మాచర్ల రాజ్యాలు ఒకే వంశం నుండి చీలినవి. శ్రీనాథుని ‘పల్నాటి వీరచరిత్ర’గా ప్రసిద్ధమైన కథలో నాగమ్మ, బ్రహ్మనాయుడు ఇద్దరూ సమర్థులే. కానీ కోడిపందెంతో ముదిరిన పంతం కారెంపూడి రణరంగంలో ముగిసేసరికి, గెలిచినవారికి ఏలుకోవడానికి మిగిలినది శ్మశానమే. ఎదుటివానికంటె మెరుగుగా ఏలాలనే పట్టుదల వేరు, ఎదుటివాడు ఉండరాదనే పంతం వేరు.

దూరసంచార రంగంలో కూడా అటువంటి ఘట్టాలు లేకపోలేదు. 2010 ప్రాంతంలో ఒక్కొక్క సర్కిల్‌లో పదికి పైగా సంస్థలు ఉండేవి. అక్రమ పద్ధతిలో జరిగిన కేటాయింపులని 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దు చేసింది. తరువాత ధరల యుద్ధంలోను, అప్పుల భారంలోను సంస్థలు ఒకదాని వెంట ఒకటి తప్పుకొన్నాయి. ఎయిర్‌సెల్ 2018లో దివాలా తీసింది. అదే సంవత్సరం వొడాఫోన్, ఐడియా ఏకమయ్యాయి. టాటా మొబైల్ సేవలు 2019లో ఎయిర్‌టెల్‌లో కలిసిపోయాయి. 2019 అక్టోబరులో ప్రభుత్వ బకాయిలపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మిగిలిన వాటి భారాన్ని మరింత పెంచింది. చివరకు మూడు ప్రైవేటు సంస్థలు, ఒక ప్రభుత్వ సంస్థ మిగిలాయి. 2024 జూలైలో ఆ మూడు ప్రైవేటు సంస్థలూ ఒకటి రెండు రోజుల వ్యవధిలో ధరలు పెంచాయి. ఆ తరువాతి కొన్ని నెలలలో లక్షలాది వినియోగదారులు ధర పెంచని బి.ఎస్.ఎన్.ఎల్. వైపు మళ్లారు. అప్పటికి ఆ సంస్థకు దేశవ్యాప్తంగా 4జి సేవలైనా లేవు. అయినా ప్రజలు అటు పోయారంటే, ప్రత్యామ్నాయం ఒకటి మిగిలి ఉండడం ఎంత అవసరమో తెలుస్తున్నది.

అట్లయితే పరిష్కారం ఏమిటి? పాత గుత్తాధిపత్యానికి మరలిపోవడం కాదు. దారిని ఉమ్మడి చేసి, ఆ దారి మీద నడిచే బండ్ల మధ్య పోటీ పెట్టడమే సరైన మార్గం. సాగర్ నీరు 1967లో కాలువలకెక్కినప్పుడు ప్రతి రైతూ తన కాలువ తాను తవ్వుకోవలసిన అవసరం కలుగలేదు. కాలువ అందరిది, పంట ఎవరిది వారిది. ఒకరు మిరప వేస్తారు, ఒకరు పత్తి వేస్తారు. దిగుబడిలో ఒకరితో ఒకరు పోటీపడతారు. అదే విధంగా టవరు, ఫైబర్ ఉమ్మడిగా ఉండి, ధర, నాణ్యత, మర్యాదలలో సంస్థలు పోటీపడవచ్చు.

ఇది కేవలం ఊహ కాదు. 2007లో భారతి, వొడాఫోన్, ఐడియా సంస్థలు బజారులో హోరాహోరీగా పోరాడుతూనే, టవర్ల నిర్వహణకు ఇండస్ టవర్స్ అనే ఉమ్మడి సంస్థను నెలకొల్పుకొన్నాయి. ఒకే టవరు మీద ముగ్గురి పరికరాలు నిలిచాయి. 2025 జనవరిలో ప్రభుత్వ నిధులతో గ్రామాలలో కట్టిన 4జి టవర్లను బి.ఎస్.ఎన్.ఎల్., ఎయిర్‌టెల్, జియో వినియోగదారులు ఎవరైనా వాడుకొనే ఏర్పాటు మొదలయింది. ఒక సంస్థ సిగ్నల్ లేని చోట మరొక సంస్థ టవరు ఆదుకొంటుంది. బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చుండబెట్టి పెట్టించిన భోజనాన్ని పల్నాటి ప్రజలు ‘చాపకూడు’ అని నేటికీ తలచుకొంటారు. చాప ఉమ్మడిదైనంత మాత్రాన కూర్చున్నవారి వ్యక్తిత్వాలు చెరిగిపోలేదు. ఉమ్మడి టవరు కూడా ఈ కాలపు చాపకూడే.

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజంగా తలెత్తుతుంది. ప్రభుత్వం పూనుకొన్న పనులు సకాలంలో పూర్తి అవుతున్నాయా అని విమర్శకులు ప్రశ్నిస్తారు. ప్రశ్న న్యాయమైనదే. దేశంలోని రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ చేర్చే పథకానికి 2011లో ఆమోదం లభించింది. రెండేళ్లలో ముగియవలసిన పని భారత్‌నెట్ అని పేరు మార్చుకొని దశాబ్దం దాటినా పూర్తి కాలేదు. 2023లో దానికి మరొకసారి భారీ నిధులు కేటాయించవలసివచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమి తవ్వే శ్రమ లేకుండా విద్యుత్ స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల ఫైబర్ సాగదీసి, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టి.వి., ఫోన్ ఇచ్చే పథకాన్ని రూపొందించింది. 2017 డిసెంబరు 27న వెలగపూడిలో రాష్ట్రపతి దానిని ప్రారంభించారు. ఉపాయం మెచ్చదగినది. కానీ తరువాతి కాలంలో అది కూడా నిర్వహణ లోపాలకు, రాజకీయ వివాదాలకు గురి కాక తప్పలేదు. గ్రామీణ సేవల కోసం 2002 నుండి టెలికాం సంస్థల రాబడి నుండి సార్వత్రిక సేవా నిధికి వాటా వసూలవుతున్నది. 2023 నాటి కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం దానికి డిజిటల్ భారత్ నిధి అని పేరు పెట్టింది. ఆ నిధిలో పెద్ద భాగం ఏళ్ల తరబడి ఖర్చు కాకుండా మిగిలిపోయిన మాట వాస్తవం.

అయితే ఎత్తిపోతల పంపు చెడిపోయిందంటే దానిని బాగుచేయాలి గాని, మెరక భూమి మీద ఆశ వదులుకోరాదు. పల్నాటి మెట్ట గ్రామాలకు ఈ సంగతి మరొకరు చెప్పనక్కరలేదు. కృష్ణ చెంతనే పారుతున్నా ఆ నీరు అందని ఊళ్లు వరికపూడిశెల ఎత్తిపోతల పథకం కోసం దశాబ్దాలుగా ఎదురుచూశాయి. 2023 నవంబరులో మాచర్లలో దానికి శంకుస్థాపన జరిగింది. శిలాఫలకం మీద అక్షరాలు దాహం తీర్చవు. పొలంలోకి నీరు వచ్చిన నాడే పథకం సార్థకం. పంచాయతీ కార్యాలయం గోడకు బిగించిన ఫైబర్ పెట్టె కూడా అంతే. అది పనిచేస్తున్నదా, ఎన్ని ఇళ్లకు, ఏ వేగంతో సేవ అందుతున్నది అని లెక్క చూడాలి. పరచిన తీగ పొడవును చూసి సంతృప్తి పడరాదు.

కాబట్టి మూడు విషయాలు ప్రభుత్వ విధానంలో స్థిరపడవలసి ఉన్నది. ప్రజల సొమ్ముతో వేసిన ప్రతి తీగా, కట్టిన ప్రతి టవరూ అన్ని సంస్థలకూ సమాన షరతులపై తెరిచి ఉండాలి. గ్రామాల పేరిట వసూలైన నిధి గ్రామాలకే, నిర్ణీత గడువులో, బహిరంగ లెక్కతో ఖర్చు కావాలి. రంగంలో పోటీ మిగిలి ఉండేటట్లు ప్రభుత్వ సంస్థను సమర్థంగా నిలబెట్టాలి. స్వదేశీ పరిజ్ఞానంతో రూపొందిన బి.ఎస్.ఎన్.ఎల్. 4జి సేవలు 2025 సెప్టెంబరులో ప్రారంభం కావడం ఈ దిశలో ఆశ కలిగించే పరిణామం. ఆలస్యంగా వచ్చినా, ఆ సంస్థ పల్లెలను మరువకుండా నిలబడగలిగితే మిగిలిన సంస్థల ధరలకు కూడా అదే కళ్లెం అవుతుంది.

పౌరుల బాధ్యత కూడా తక్కువది కాదు. సేవ బాగులేనప్పుడు విసుగుకొని ఊరుకోవడం కంటె, ఫిర్యాదు చేయడం, గ్రామసభలో అడగడం, పంచాయతీకి వచ్చిన ఫైబర్ ఏమయిందని విచారించడం విద్యావంతులైన యువతీయువకుల పని. నేటి విద్యార్థులే రేపటి ఇంజనీర్లు, అధికారులు, వ్యాపారులు. ఎవరు ఏ పీఠం మీద కూర్చున్నా, లెక్క వేసేటప్పుడు నగరంలోని వేలమందితో పాటు తండాలోని వందమందిని కూడా ఆ లెక్కలో చేర్చడం నేర్చుకోవాలి.

ఎత్తిపోతల వద్ద నీరు దూకుతున్న దృశ్యం చూడముచ్చటగా ఉంటుంది. అందుకే జనం అక్కడికి యాత్రగా పోతారు. నీటిని మెరకకు ఎత్తే పంపును చూడడానికి ఎవరూ యాత్ర చేయరు. కానీ మెట్ట రైతు ఇంట అన్నం ఉడికేది ఆ పంపు వలననే. పోటీ అనే జలపాతాన్ని చూచి సంతోషించడం తప్పు కాదు. దాని జలం మెరక పల్లెకు చేరిన నాడే ఆ సంతోషం సంపూర్ణమవుతుంది.